బాకీ జాబితా డైరీ: 1,501 క్వెరీల నుంచి 6కి

గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు ఎరువులు, విత్తనాల దుకాణాల అరువు ఖాతాల కోసం జాంగోలో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) రాసిన అప్లికేషన్ ఇది. ఈ డైరీ అందులోని ఒక్క పేజీ గురించే: బాకీ జాబితా. ఆ పేజీ కోసం డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు, అంటే క్వెరీలు, 1,501 నుంచి 6కి ఎలా తగ్గాయో ఇక్కడ ఉంది. రైతు పేరు, ఊరు, బ్లాకు, జిల్లా, బిల్లులు, ఒక్కో బిల్లులో ఏ సరుకు ఎంత, చివరి జమ, నిలవ బాకీ అన్నీ ఒకే పేజీలో కనపడాలి. ఊరి పేరు మాత్రం చూసేవాళ్ల భాషలో రావాలి. కౌంటర్లో కూర్చున్నవాళ్లకి తెలుగులో, కాగితం అచ్చు తీసి రైతుకి ఇచ్చేటప్పుడు అవసరాన్ని బట్టి ఒడియాలో.

జాంగో 5.2, డేటాబేస్‌గా సర్వర్లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, కోడు రాసే మెషీన్లో ఎస్‌క్యూలైట్. కోడు పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పాత జాంగో వాడేవాళ్ల కోసం ఏ సదుపాయం ఏ వెర్షన్లో వచ్చిందో అక్కడక్కడే చెప్పాం.

## దశ 0: టేబుళ్లు, కొలత

టేబుళ్లు ఇవి:

1. డిస్ట్రిక్ట్: రాయగడ, గజపతి, గంజాం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం.
2. బ్లాక్: డిస్ట్రిక్ట్‌కి ఫారిన్ కీ (ఇంకో టేబుల్లోని ఒక రికార్డుని చూపే ఫీల్డు), పైగా "రకం" అనే ఒక ఫీల్డు.
3. విలేజ్: బ్లాక్‌కి ఫారిన్ కీ.
4. విలేజ్‌నేమ్: విలేజ్‌కి ఫారిన్ కీ, భాష కోడు, పేరు. ఒక ఊరికి ఒక భాషలో ఒకే పేరు ఉండేలా యూనిక్ నిబంధన.
5. ఫార్మర్: విలేజ్‌కి ఫారిన్ కీ.
6. బిల్, దాని కింద బిల్‌లైన్, బిల్‌లైన్ నుంచి ఐటమ్‌కి ఫారిన్ కీ.
7. పేమెంట్: ఫార్మర్‌కి ఫారిన్ కీ. తేదీ, మొత్తం, రసీదు నంబరు.

బ్లాక్ టేబుల్లో "రకం" ఎందుకంటే, ఖాతాదారుల్లో భామిని, కొత్తూరు, సీతంపేట వైపు రైతులు కూడా ఉంటారు. ఒడిశాలో జిల్లా కింద బ్లాకు, ఆంధ్రలో మండలం. మొదటి నమూనాలో విలేజ్‌కి బ్లాకు, మండలం అని రెండు ఫారిన్ కీలు ఉండేవి, ఏదో ఒకటి ఎప్పుడూ ఖాళీయే. ఖాళీకి వీలున్న ఫారిన్ కీ దగ్గర జాంగో ఇన్నర్ జాయిన్ (రెండు టేబుళ్లలోనూ జత ఉన్న వరుసలనే కలిపి తేవడం) వేయలేదు, జత లేని వరుసలనీ ఉంచే లెఫ్ట్ ఔటర్ జాయినే వేస్తుంది. ఆ కొమ్మ కింద వచ్చే జిల్లా జాయిన్ కూడా అలాగే అవుతుంది, అదీ రెండు కొమ్మలకీ. ఒకే టేబుల్ చేసి రకం ఫీల్డు పెట్టాక ఆ గొడవ లేదు.

జిల్లాని రైతు రికార్డులో గానీ బిల్లులో గానీ అక్షరాల్లో రాసిపెట్టొద్దు. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. అంతకు ముందరి కాగితాల్లో ఇవే ఊళ్లు గంజాం, కోరాపుట్ కింద ఉంటాయి. ఊరికి జిల్లా ఏదన్నది ఊరి టేబుల్ ద్వారానే తెలియాలి.

పరీక్ష డేటా: పేజీకి 50 మంది రైతులు, 12 ఊళ్లు, రైతుకి 4 బిల్లులు, బిల్లుకి 5 లైన్లు, రైతుకి 20 జమలు, మొత్తం 40 రకాల సరుకులు. ఏ ఆలోచనా లేకుండా టెంప్లేట్లో (పేజీ నమూనా ఫైలు) రైతు.ఊరు.బ్లాకు అన్నట్టు చుక్కలు పెట్టుకుంటూ పోతే క్వెరీలు ఇలా వస్తాయి:

- రైతుల జాబితా: 1
- ఊరు 50, బ్లాకు 50, జిల్లా 50
- ఊరి పేరు, భాష వడపోతతో: 50
- రైతుకి బిల్లులు: 50
- బిల్లుకి లైన్లు: 200
- లైనుకి సరుకు: 1,000
- రైతుకి జమలు: 50

క్వెరీల లెక్క: 1,501

లాగిన్, సెషన్, పేజీ నంబర్ల కోసం వేసే కౌంట్ ఈ లెక్కలో లేవు. ఊళ్లు 12 మాత్రమే ఉన్నా ఊరి క్వెరీలు 50 ఎందుకంటే, ప్రతి రైతు ఆబ్జెక్టూ తన ఊరిని విడిగా తెచ్చుకుంటుంది. ఒకే ఊరి రైతులిద్దరి మధ్య ఏ పంపకమూ ఉండదు.

కోడు రాసే మెషీన్లో ఈ పేజీ నెమ్మదిగా అనిపించదు. ఎస్‌క్యూలైట్ అదే ప్రాసెస్‌లో నడుస్తుంది, మధ్యలో నెట్‌వర్కే లేదు. అదే డేటాబేస్ వేరే మెషీన్లో ఉండి, ఒక్కో రాకపోకకి 20 మిల్లీసెకన్లు పడితే 1,501 క్వెరీలకి 30 సెకన్లు. అందుకే ఈ డైరీలో కొలమానం సెకన్లు కాదు, క్వెరీల సంఖ్య. అది ఏ మెషీన్ మీదైనా ఒకటే.

కొలిచే పద్ధతి:

1. పరీక్షల్లో, వేసిన క్వెరీలని పట్టి చూపే క్యాప్చర్‌క్వెరీస్‌కాంటెక్స్ట్ వాడాలి. డీబగ్ ఆన్‌లో లేకపోయినా పని చేస్తుంది.
2. షెల్‌లో అయితే కనెక్షన్.క్వెరీస్ చూడొచ్చు. డీబగ్ ఆన్‌లో ఉంటేనే నిండుతుంది. 9,000 దాటితే పాతవి రాలిపోతాయి, కాబట్టి పెద్ద పనుల్లో ఆ సంఖ్యని నమ్మకూడదు.
3. పేజీని పూర్తిగా రెండర్ చేశాకే లెక్క చూడాలి. క్వెరీసెట్ (జాంగోలో క్వెరీని పట్టి ఉంచే ఆబ్జెక్టు) బద్ధకస్తురాలు, అవసరం పడేదాకా డేటాబేస్‌కి వెళ్లదు: వ్యూ దగ్గర ఆపి చూస్తే సున్నా కనిపిస్తుంది.

## దశ 1: పైకి వెళ్లే సంబంధాలు

రైతు నుంచి ఊరు, ఊరి నుంచి బ్లాకు, బ్లాకు నుంచి జిల్లా: ప్రతి చోటా అవతల ఒకే రికార్డు. ఇవి జాయిన్‌తో తెచ్చుకోవాల్సినవి.

సెలెక్ట్_రిలేటెడ్("విలేజ్__బ్లాక్__డిస్ట్రిక్ట్")

చివరి పేరు ఒక్కటి రాస్తే చాలు, దారిలో ఉన్న విలేజ్, బ్లాక్ వాటంతటవే వస్తాయి.

విరిగే చోట్లు రెండు. ఒకటి, కుండలీకరణాలు ఖాళీగా వదిలి సెలెక్ట్_రిలేటెడ్() అని రాయడం. అప్పుడు జాంగో ఖాళీకి వీలులేని ఫారిన్ కీల వెంట మాత్రమే వెళ్తుంది, వీలున్నవాటిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. పైన చెప్పిన బ్లాకు, మండలం నమూనాలో ఆ రెండూ అలాగే మిగిలిపోతాయి. పేరు పెట్టి అడగడమే మంచిది. రెండు, సెలెక్ట్_రిలేటెడ్("బిల్స్") అని రాయడం. అవతల చాలా రికార్డులున్న దిక్కు దీనికి పట్టదు, ఫీల్డ్‌ఎర్రర్ ఇస్తుంది. ఇదైనా నయం, వెంటనే తెలిసిపోతుంది.

క్వెరీల లెక్క: 1,501 – 150 = 1,351

## దశ 2: బిల్లులు, లైన్లు, సరుకులు

కిందికి వెళ్లే సంబంధాలకి ప్రీఫెచ్_రిలేటెడ్. ఇది జాయిన్ వేయదు. ముందు రైతుల్ని తెచ్చి, వాళ్ల ఐడీలన్నీ ఇన్ జాబితాలో పెట్టి బిల్లులకి ఒక క్వెరీ, ఆ బిల్లుల ఐడీలతో లైన్లకి ఒక క్వెరీ, లైన్లలోని సరుకు ఐడీలతో ఇంకో క్వెరీ వేస్తుంది. ఎవరివి వాళ్లకి అతికించడం పైథాన్‌లో జరుగుతుంది.

ప్రీఫెచ్_రిలేటెడ్("బిల్స్__లైన్స్__ఐటమ్")

1,250 క్వెరీల స్థానంలో 3.

క్వెరీల లెక్క: 1,351 – 1,250 + 3 = 104

ఇక్కడ ఒక నిర్ణయం ఉంది. లైన్ నుంచి సరుకుకి ఫారిన్ కీ కాబట్టి, లైన్ల క్వెరీలోనే సెలెక్ట్_రిలేటెడ్("ఐటమ్") పెట్టి ఒక క్వెరీ మిగుల్చుకోవచ్చు. లెక్క 103 అవుతుంది. అయినా పెట్టలేదు. జాయిన్ వేస్తే 1,000 లైన్లకీ 1,000 సార్లు సరుకు కాలమ్‌లు వచ్చిపడతాయి, పైగా 1,000 ఐటమ్ ఆబ్జెక్టులు తయారవుతాయి. ప్రీఫెచ్‌లో ఐడీలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఏరి 40 సరుకుల్ని ఒక్కసారే తెస్తుంది, ఒకే ఆబ్జెక్టుని లైన్లన్నీ పంచుకుంటాయి. ఐటమ్ టేబుల్లో వాడే విధానం, మోతాదు లాంటి పొడుగాటి తెలుగు పాఠం ఉంది. తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8లో ఒక్కో కోడ్‌పాయింట్‌కి 3 బైట్లు, గుణింతపు గుర్తులకి వేరే. అదంతా 1,000 సార్లు మోసుకురావడం కంటే ఒక క్వెరీ ఎక్కువైతేనే నయం. సరుకు పేరు, కొలత తప్ప ఇంకేమీ లేని చిన్న టేబుల్ అయితే జాయిన్‌కే ఓటు.

## దశ 3: ఊరి పేరు ఏ భాషలో

ఈ పేజీలో అసలు కష్టం ఇక్కడుంది. తెలుగులో పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖెముండి. తెలుగులో బరంపురం, ఒడియాలో బ్రహ్మపుర. చిన్న పల్లెలకైతే తేడా ఇంకా ఎక్కువ. అందుకే పేర్లకి విడి టేబుల్.

మొదట సహజంగా తోచేది ఇది: ప్రీఫెచ్_రిలేటెడ్‌కి "విలేజ్__నేమ్స్" చేర్చి, మోడల్లో ఒక ప్రాపర్టీలో సెల్ఫ్.నేమ్స్.ఫిల్టర్(భాష).ఫస్ట్() అని రాయడం.

క్వెరీల లెక్క: 104 + 1 = 105

తగ్గలేదు సరికదా, ఒకటి పెరిగింది. ప్రీఫెచ్ తెచ్చినది దాచి ఉంచేది .ఆల్() కోసం. దాని మీద .ఫిల్టర్() అన్నా, .ఆర్డర్_బై() అన్నా, .ఎక్స్‌క్లూడ్() అన్నా అది కొత్త ప్రశ్న, దాచినదాన్ని పక్కన పెట్టి మళ్లీ డేటాబేస్‌కి వెళ్తుంది. వట్టి .ఫస్ట్() కూడా, మోడల్‌కి వరుస నిర్ణయించి లేకపోతే, ప్రైమరీ కీ వరుసలో కొత్త క్వెరీ వేస్తుంది. ముందస్తుగా తెచ్చినవన్నీ వృథా, పాత 50 అలాగే ఉన్నాయి. నెమ్మదించిన జాంగో పేజీల్లో ముందు వెతకాల్సింది ఇదే: ప్రీఫెచ్ ఉంది కదా అని ఎవరూ అనుమానించరు.

వడపోత ప్రీఫెచ్ లోపలే జరగాలి. అందుకు ప్రీఫెచ్ అనే ఆబ్జెక్టు ఉంది, జాంగో 1.7 నుంచీ:

ప్రీఫెచ్("విలేజ్__నేమ్స్", క్వెరీసెట్=విలేజ్‌నేమ్.ఆబ్జెక్ట్స్.ఫిల్టర్(లాంగ్__ఇన్=[కావలసిన భాష, "ఓఆర్"]), టు_యాట్ర్="పేజీ_పేర్లు")

"ఓఆర్" అంటే ఒడియా భాష కోడు. విలేజ్ ఇప్పటికే దశ 1లో జాయిన్‌తో వచ్చేసింది కాబట్టి దానికి మళ్లీ క్వెరీ పడదు, పేర్లకి మాత్రమే పడుతుంది.

క్వెరీల లెక్క: 104 – 50 + 1 = 55

టు_యాట్ర్ (తెచ్చిన జాబితాకి వేరే పేరు పెట్టేది) అనవసరమనిపించవచ్చు. తీసేసినా క్వెరీల సంఖ్య మారదు. కానీ అప్పుడు విలేజ్.నేమ్స్.ఆల్() అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. తెలుగు మాత్రమే వడకట్టి తెచ్చి, అదే ఆబ్జెక్టుని ఊరి వివరాలు దిద్దే కోడుకి అందిస్తే, ఆ కోడు నేమ్స్.ఆల్() చూసి "ఒడియా పేరు లేదు" అనుకుంటుంది, కొత్తది చేరుస్తుంది, యూనిక్ నిబంధన తగిలి ఇంటెగ్రిటీఎర్రర్ వస్తుంది. నిబంధన లేకపోతే ఇంకా ఘోరం, ఊరికి రెండు ఒడియా పేర్లు నిలుస్తాయి. వడకట్టిన సగం జాబితాకి సొంత పేరు ఉండి తీరాలి. ఈ ప్రాజెక్టులో వడపోత ఉన్న ప్రతి ప్రీఫెచ్‌కీ టు_యాట్ర్ తప్పనిసరి.

టు_యాట్ర్‌తో గుర్తుంచుకోవలసినవి:

1. వచ్చేది మామూలు లిస్టు. క్వెరీసెట్‌కి ఉండే .ఆల్(), .కౌంట్() దీనికి ఉండవు. టెంప్లేట్లో నేరుగా తిప్పాలి, సంఖ్యకి లెంగ్త్ ఫిల్టర్.
2. మోడల్లో ఉన్న ఫీల్డు పేరే పెడితే వాల్యూఎర్రర్.
3. తెలుగు పేరు ఎక్కించని ఊరికి లిస్టు ఖాళీగా వస్తుంది. పైథాన్‌లో [0] అంటే ఇండెక్స్‌ఎర్రర్. టెంప్లేట్లో .0 అంటే ఖాళీ చోటు, ఏ హెచ్చరికా ఉండదు. ఊరి పేరు లేకుండా అచ్చయిన కాగితం ఇలాగే బయటికి వెళ్తుంది.

మూడోదాని కోసమే పైన భాషల జాబితాలో ఒడియా కూడా చేర్చింది. అడిగిన భాష ఉంటే అది, లేకపోతే ఒడియా. ఎంపిక పైథాన్‌లో రెండు లైన్ల ఫంక్షన్, వేరే క్వెరీ అక్కర్లేదు.

ఊరి పేరు వరుసలో జాబితా కావాలంటే మాత్రం ప్రీఫెచ్ పనికిరాదు. పేజీలు విడగొట్టడం మొదటి క్వెరీలోనే అయిపోతుంది, పేర్లు ఆ తర్వాత వస్తాయి. వరుస కోసం ఫిల్టర్డ్‌రిలేషన్ వాడి, భాష షరతుని జాయిన్ ఆన్ భాగంలో పెట్టి, పేరుని యానొటేట్ చేసి (ఫలితంలో అదనపు కాలమ్‌గా చేర్చి) దాని మీద ఆర్డర్_బై వేయాలి. ఊరు దాటి పేర్ల దాకా వెళ్లే ఇలాంటి రెండంచెల దారిని ఫిల్టర్డ్‌రిలేషన్ జాంగో 3.2 నుంచే ఒప్పుకుంటుంది. అదే షరతుని .ఫిల్టర్()లో పెడితే తెలుగు పేరు లేని ఊళ్ల రైతులు జాబితాలోంచే మాయమవుతారు. బాకీ జాబితాలో అది డబ్బు నష్టం.

ఒడియా భాష కోడు గురించి రెండు ముక్కలు. ఆ రెండక్షరాల కోడు పైథాన్‌లో రిజర్వ్ చేసిన పదం. కొటేషన్లలో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు, యానొటేట్‌లో ఆర్గ్యుమెంట్ పేరుగా రాస్తే సింటాక్స్ ఎర్రర్. రెండోది, జాంగో తనతో తెచ్చే భాషల పట్టికలో తెలుగు ఉంది, ఒడియా లేదు. సెట్టింగ్స్‌లోని లాంగ్వేజెస్‌లో చేర్చి, ప్రాజెక్టు లొకేల్ ఫోల్డర్లో కంపైల్ చేసిన అనువాద ఫైలు ఒకటి పెట్టాలి. అది లేకపోతే బ్రౌజర్ ఒడియా అడిగినా జాంగో దాన్ని లెక్కలోకి తీసుకోదు.

## దశ 4: జమలు, నిలవ బాకీ

"పేమెంట్స్" అని వట్టిగా ప్రీఫెచ్ చేస్తే 50 పోయి 1 వస్తుంది.

క్వెరీల లెక్క: 55 – 50 + 1 = 6

సంఖ్య బాగుంది, మోసుకొచ్చే బరువు మాత్రం తగ్గలేదు. 50 మందికి 1,000 జమలు దిగుతాయి, తెర మీద కనపడేది ఒక్కొక్కరి చివరి జమ ఒక్కటే. సంతరోజున వంద, రెండు వందలు కట్టే ఖాతాలున్న దుకాణంలో ఇది ఏడాదికేడాది పెరుగుతూనే ఉంటుంది.

ప్రీఫెచ్ క్వెరీసెట్‌ని ఆర్డర్_బై("-డేట్", "-ఐడీ")[:1] అని కోయాలి, టు_యాట్ర్="చివరి_జమ". 4.2కి ముందు జాంగోలో ఇలా కోస్తే, కోసిన క్వెరీని మళ్లీ వడకట్టలేమని ఎర్రర్ వచ్చేది. 4.2 నుంచి రో_నంబర్ అనే విండో ఫంక్షన్‌తో (గుంపుల వారీగా వరుసలకి నంబర్లు వేసేది) రైతు రైతుకీ విడిగా కోస్తుంది. ఎస్‌క్యూలైట్ 3.25, మరియాడీబీ 10.2, మైఎస్‌క్యూఎల్ 8 కంటే పాతవాటిలో విండో ఫంక్షన్లు లేవు. వరుస చెప్పకుండా కోస్తే ఏ జమ వస్తుందో డేటాబేస్ ఇష్టం. ఒకే రోజు రెండు సార్లు కట్టినవాళ్ల కోసం రెండో కొలమానంగా ఐడీ.

క్వెరీల లెక్క: 6. జమ రికార్డులు: 1,000 → 50

దీంతో ఇంకొకటి విరుగుతుంది. నిలవ బాకీ అప్పటిదాకా పైథాన్‌లో బిల్లుల కూడిక లోంచి జమల కూడిక తీసేసి కడుతున్నది. ఇప్పుడు చేతిలో ఒక్క జమే ఉంది. కూడిక డేటాబేస్‌లోనే జరగాలి. వెంటనే తోచేది యానొటేట్‌లో సమ్("బిల్స్__టోటల్"), సమ్("పేమెంట్స్__అమౌంట్") రెండూ పక్కపక్కన రాయడం. రాయొద్దు.

ఒక రైతుకి 2,500 చొప్పున 4 బిల్లులు, 2,000 చొప్పున 3 జమలు అనుకుందాం. అసలు బాకీ 10,000 – 6,000 = 4,000. రెండు జాయిన్లు కలిస్తే 4 × 3 = 12 వరుసలు తయారవుతాయి. ప్రతి బిల్లూ 3 సార్లు, ప్రతి జమా 4 సార్లు కూడుతుంది:

- బిల్లులు 30,000, జమలు 24,000, బాకీ 6,000. తప్పు.
- డిస్టింక్ట్=ట్రూ పెడితే ఒకే విలువ ఉన్నవన్నీ ఒకటైపోతాయి: 2,500 – 2,000 = 500. ఇదీ తప్పు.

రెండో తప్పు మరీ ప్రమాదం. యూరియా బస్తా ధర అందరికీ ఒకటే కాబట్టి సమానమైన బిల్లులు ఈ వ్యాపారంలో మామూలు. పరీక్ష డేటాలో బిల్లులన్నీ వేర్వేరు మొత్తాలైతే లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, దుకాణంలో దిగాక తప్పుతుంది.

సరైన దారి సబ్‌క్వెరీ, అంటే క్వెరీ లోపల క్వెరీ:

1. పేమెంట్.ఆబ్జెక్ట్స్.ఫిల్టర్(ఫార్మర్=ఔటర్‌రెఫ్("పీకే"))
2. .ఆర్డర్_బై() ఖాళీగా. మెటాలోని వరుస గ్రూపింగ్‌లో దూరకుండా. 3.1 నుంచి జాంగోనే అడ్డుకుంటుంది, అయినా రాసి ఉంటే చదివేవాళ్లకి తేట.
3. .వాల్యూస్("ఫార్మర్").యానొటేట్(మొత్తం=సమ్("అమౌంట్")).వాల్యూస్("మొత్తం")
4. దాన్ని సబ్‌క్వెరీలో, సబ్‌క్వెరీని కోలెస్‌లో (నల్, అంటే విలువ లేకపోతే, బదులుగా సున్నా ఇచ్చేది) పెట్టాలి. ఒక్క జమా లేని రైతుకి కూడిక నల్, 10,000లోంచి నల్ తీసేస్తే నల్. అసలేమీ కట్టనివాళ్ల బాకీయే ఖాళీగా కనిపిస్తుంది.
5. కోలెస్‌కి ఔట్‌పుట్_ఫీల్డ్=డెసిమల్‌ఫీల్డ్ ఇవ్వాలి. సున్నా పూర్ణాంకం, మొత్తం డెసిమల్ కాబట్టి ఇవ్వకపోతే రకాలు కలవలేదని ఫీల్డ్‌ఎర్రర్.

బిల్లులకీ ఇలాగే ఇంకొకటి. రెండూ మొదటి క్వెరీలోనే కలిసిపోతాయి, సంఖ్య 6 దగ్గరే ఉంటుంది.

## దశ 5: కాలమ్‌లు తగ్గించబోతే

బిల్ టేబుల్లో పేజీకి అక్కర్లేని కాలమ్‌లు ఉన్నాయి. ప్రీఫెచ్ క్వెరీసెట్‌కి .ఓన్లీ("డేట్", "టోటల్") చేర్చితే:

క్వెరీల లెక్క: 6 + 200 = 206

ఏ బిల్లు ఏ రైతుదో అతికించడానికి జాంగోకి ఫార్మర్_ఐడీ కావాలి. అది ఓన్లీలో లేదు. కాబట్టి ఒక్కో బిల్లుకీ దాన్ని విడిగా వెళ్లి తెస్తుంది. ఓన్లీ("డేట్", "టోటల్", "ఫార్మర్") అంటే మళ్లీ 6. ప్రైమరీ కీ రాయకపోయినా వస్తుంది, ఫారిన్ కీ రాస్తేనే వస్తుంది. ఇదే క్వెరీసెట్లో .వాల్యూస్() వాడబోతే ప్రీఫెచ్ ఒప్పుకోదు, అది తెలిసిపోయే ఎర్రర్.

## దశ 6: ఈ కోడు ఎక్కడ ఉండాలి

డిఫాల్ట్ మేనేజర్లో (మోడల్ మీద క్వెరీలు మొదలయ్యే చోటు) పెట్టొద్దు. అక్కడ పెడితే అడ్మిన్ పేజీలు, ఫారంలలోని డ్రాప్‌డౌన్లు, రాత్రి నడిచే కమాండ్లు అన్నీ ఈ బరువు మోస్తాయి. ఫార్మర్‌క్వెరీసెట్ అనే క్లాసులో బాకీ_పేజీకి(భాష) అనే మెథడ్ ఒకటి రాసి, .యాజ్_మేనేజర్()తో తగిలించాలి. ఏ పేజీకి ఏం కావాలో ఆ పేజీ పేరుతోనే ఉంటుంది.

భాషని పిలిచే చోటు ముఖ్యం. లిస్ట్‌వ్యూ క్లాసులో నేరుగా క్వెరీసెట్ = ... బాకీ_పేజీకి(గెట్_లాంగ్వేజ్()) అని రాస్తే, అది సర్వర్ లేచేటప్పుడు ఒక్కసారే నడుస్తుంది. తర్వాత ఎవరు ఏ భాష ఎంచుకున్నా అప్పటి డిఫాల్ట్ భాషలోనే ఊళ్ల పేర్లు వస్తాయి. గెట్_క్వెరీసెట్() మెథడ్ లోపల రాస్తే ప్రతి రిక్వెస్టుకీ కొత్తగా అడుగుతుంది. గెట్_లాంగ్వేజ్ కొన్నిసార్లు ప్రాంతం తోకతో కూడా ఇస్తుంది కాబట్టి, అడ్డగీతకి ముందున్న భాగం మాత్రం తీసుకోవాలి.

రద్దయిన బిల్లుల్ని దాచే మేనేజర్ ఉన్నవాళ్లకి: రైతు నుంచి బిల్లులకి కిందికి వెళ్లేటప్పుడు జాంగో డిఫాల్ట్ మేనేజర్ని వాడుతుంది, రద్దయినవి రావు. లైన్ నుంచి బిల్లుకి పైకి వెళ్లేటప్పుడు బేస్ మేనేజర్ని వాడుతుంది, రద్దయినవి కూడా వస్తాయి. సెలెక్ట్_రిలేటెడ్ ఏ మేనేజర్నీ పట్టించుకోదు. దశ 4లోని బిల్లుల సబ్‌క్వెరీలో రద్దు షరతు స్పష్టంగా రాసి ఉంచాం, ఎవరైనా మేనేజర్ మార్చినా బాకీ మొత్తం మారకుండా.

## దశ 7: 6 దాటకుండా పరీక్ష

క్వెరీలు సరిగ్గా 6 పడ్డాయా అని చూసే అసర్ట్‌నమ్‌క్వెరీస్(6) సరిపోతుంది, డేటా సరిగ్గా ఉంటే:

1. ఒక్క రైతుతో పరీక్షిస్తే లాభం లేదు. 2 మందితో ఒకసారి, 20 మందితో ఒకసారి నడిపితే రెండింటికీ ఒకే సంఖ్య రావాలి.
2. బిల్లులు లేని రైతులతో పరీక్షిస్తే లైన్లు, సరుకుల క్వెరీలు అసలు పడవు. 6 బదులు 4 వస్తుంది. ప్రతి బిల్లుకీ కనీసం 2 లైన్లు ఉండాలి.
3. రెండరింగ్ కూడా అసర్ట్‌నమ్‌క్వెరీస్ లోపలే జరగాలి. క్లయింట్.గెట్ వాడితే సెషన్, లాగిన్, పేజీ కౌంట్ క్వెరీలు కలుస్తాయి. అందుకే పరీక్షలో క్వెరీసెట్‌ని, టెంప్లేట్‌ని నేరుగా పిలుస్తాం.
4. ఒక రైతు ఊరికి తెలుగు పేరు లేకుండా, ఒక రైతుకి జమ ఒక్కటీ లేకుండా, ఇంకో రైతుకి ఒకే మొత్తంతో 2 బిల్లులు ఉండేలా డేటా పెట్టాలి. దశ 3, దశ 4 తప్పులు మళ్లీ దూరితే ఇక్కడ పట్టుబడతాయి.

## దశ 8: మొత్తం ఖాతాల అచ్చు

ఖరీఫ్ వసూళ్లకి ముందు ఖాతాలన్నీ ఒకేసారి అచ్చు తీస్తారు. 8,000 ఖాతాలు అనుకుంటే అన్నీ ఒకేసారి మెమరీలోకి ఎక్కించకూడదు, ముక్కలు ముక్కలుగా తెచ్చే ఇటరేటర్ కావాలి. 4.1కి ముందు ఇటరేటర్‌తో ప్రీఫెచ్ అసలు పని చేయదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, పాత వేల క్వెరీలు తిరిగొస్తాయి. 4.1 నుంచి చంక్_సైజ్ (ఒక్కో ముక్కలో ఎన్ని రికార్డులు) ఇస్తే ముక్క ముక్కకీ ప్రీఫెచ్ చేస్తుంది. 5.0 నుంచి ప్రీఫెచ్ ఉండి చంక్_సైజ్ లేకపోతే వాల్యూఎర్రర్.

- చంక్ 500: 16 ముక్కలు × 5 ప్రీఫెచ్‌లు + 1 = 81
- చంక్ 200: 40 ముక్కలు × 5 + 1 = 201

సర్వర్లో 500 వాడుతున్నాం. 3.32 కంటే పాత ఎస్‌క్యూలైట్ మీద అదే కోడు నడిపితే టూ మెనీ ఎస్‌క్యూఎల్ వేరియబుల్స్ అని ఆగిపోతుంది. 500 మందికి 2,000 బిల్లులు, లైన్ల క్వెరీలో ఇన్ జాబితా 2,000 అవుతుంది, ఆ వెర్షన్ల మామూలు పరిమితి 999. 3.32 నుంచి 32,766. పాత మెషీన్లో 200కి దించితే బిల్లులు 800, పరిమితిలోపే. చంక్ ఎంచుకునేటప్పుడు రైతుల సంఖ్య కాదు, తర్వాతి అంచెకి తల్లి వరుసలు ఎన్ని అవుతాయో గుణించి చూడాలి.

పోస్ట్‌గ్రెస్ ముందు పీజీబౌన్సర్‌ని (డేటాబేస్ కనెక్షన్లని పంచిపెట్టే మధ్యవర్తి) ట్రాన్సాక్షన్ పద్ధతిలో పెట్టుకున్నవాళ్లు డిజేబుల్_సర్వర్_సైడ్_కర్సర్స్ ఆన్ చేయాలి, లేకపోతే ఇటరేటర్ మధ్యలో కర్సర్ దొరకలేదంటుంది. ఆన్ చేస్తే డేటాబేస్ నుంచి వరుసలన్నీ ఒకేసారి వస్తాయి, మెమరీ మిగులు తగ్గుతుంది. అప్పుడు ఖాతాలని బ్లాకుల వారీగా విడగొట్టి, బ్లాకుకి ఒక క్వెరీసెట్ చొప్పున అచ్చుకి పంపడం తేలిక. వసూలుకి వెళ్లేవాళ్లు కాగితాలు తీసుకునేదీ గుణుపురం కట్ట, పద్మపూర్ కట్ట, భామిని కట్ట అనే కాబట్టి అచ్చు కూడా ఆ వరుసలోనే దిగుతుంది.